రెక్కల వెనక నీడ

కుట్టు గది,
సోమవారం మధ్యాహ్నం

చెల్లీ,

బాగున్నావా అని అడిగే ఓపిక నాకు లేదు. సూటిగా అడుగుతున్నాను. పిల్ల నీ దగ్గరుందా?

ఇల్లు విడిచి వెళ్లి నెల కావస్తోంది. స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటానని సంచి సర్దుకుని వెళ్లింది. ఆ స్నేహితురాలిని నిలదీస్తే నీళ్లు నమిలింది. కాలేజీకి రావడం లేదన్నారు. మీ బావ బస్సు డిపోలో తనతో పనిచేసే మెకానిక్కులందరికీ చెప్పి వాకబు చేయిస్తున్నారు. పైకి కోపమే కనిపిస్తుంది. లోపల ఏముందో నాకు కూడా చెప్పరు.

ఏం జరిగిందో నీకు తెలియాలి. ఆ మధ్య ఒక పరీక్ష ఎగ్గొట్టి అది మీ వాళ్ల యానిమే మేళాకి వెళ్లింది. నెత్తిన నీలం జుట్టు, మొహానికి వెండి రంగు, చేతిలో తనకంటే పొడుగు కత్తి. ఎవరో తీసిన ఫొటో డిపోలో చేతులు మారి మారి మీ బావ కంట పడింది. "లోకమంతా పరీక్ష రాస్తుంటే నా కూతురు పగటి వేషం వేసింది" అని ఆయన గుండె మండిపోయింది. మాటా మాటా పెరిగింది. బీరువా తెరిచి అది కుట్టుకున్న వేషాలు, బొమ్మలు, పుస్తకాలు అన్నీ పెరట్లో కుప్పపోసి అంటించారు. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకింత భయం ఉండేది కాదు.

ఈ పిచ్చి అంటించింది నువ్వే. చిన్నప్పుడు సెలవులకు నీ దగ్గరికి పంపితే, కళ్లు చాటంత ఉండే ఆ జపాను బొమ్మల సినిమాలు దానికి అలవాటు చేశావు. వెళ్లేటప్పుడు బుద్ధిగా వెళ్లిన పిల్ల, తిరిగొచ్చాక తువ్వాలు వీపుకు కట్టుకుని మంచం మీంచి దూకడం మొదలుపెట్టింది. అప్పుడు నేనూ నవ్వాను.

ఫోను చెయ్యకు. నా ఫోను ఆయన జేబులోనే ఉంటోంది. ఈ కుట్టు గది చిరునామాకి రాయి. ఇక్కడికి ఆయన రారు, యూనిఫారం గుడ్డల పొడికి ఆయనకు తుమ్ములు ఆగవు.

ఉంటే ఉందని ఒక్క ముక్క రాయవే. నాకు ముద్ద దిగడం లేదు.

మీ అక్క

*

కొట్టు, గల్లాపెట్టె వెనక,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీ కూతురు, మన బుడంకాయ, నా దగ్గరికి రాలేదు. వస్తే నీకు చెప్పకుండా ఉంటానా?

నువ్వు కంగారు పడకు. తెలివైన పిల్ల, ఎక్కడున్నా తన జాగ్రత్తలో తనుంటుంది. నాకు తెలిసినవాళ్లందరినీ అడుగుతాను.

ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు. వచ్చే నెల రెండో ఆదివారం మా పెద్ద మేళా. హాలు వాళ్లు కుర్చీల దగ్గర పేచీ పెడుతున్నారు. కొత్త బొమ్మల పెట్టెలు వచ్చాయి, ఒక యోధుడి మెడ విరిగి వచ్చింది. వాడి కోసం ముందే చెప్పిపెట్టుకున్న కుర్రాడు కొట్లో నిలబడి దగ్గరి బంధువు పోయినట్టు మొహం పెట్టాడు. నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. మాంగా అనే జపాను బొమ్మల కథల పుస్తకాల వాళ్లు మూడో భాగం పంపకుండా నాలుగోది పంపారు. మా కొట్టుకొచ్చే వాళ్లకు కథ మధ్యలో ఆగితే అన్నం కూడా సయించదు, వాళ్లకు సర్దిచెప్పుకోలేక చస్తున్నాను.

నేనేం చేస్తుంటానో నీకెప్పుడూ అర్థం కాదంటావు కదా, మేళా కరపత్రం ఇందులో పెడుతున్నాను చూడు. మొహాలు వేస్తే ఒక్కొక్కళ్ల ఇంట్లో ఒక్కో గొడవ. అందుకని ఈసారి మొహం లేని ఫొటో వేశాం. పోయినవారం కొట్లోనే చిన్న పోటీ పెట్టాం, అందులో గెలిచిన వేషం అది, తిరగేసి పరిచినప్పుడు తీసిన ఫొటో. మా పోటీల్లో పైమెరుగులకు మార్కులు ఉండవు. వేషం విప్పి తిరగేసి బల్ల మీద పరుస్తారు, లోపలి కుట్టు చూసి గెలుపు చెబుతారు. నీకు నచ్చే పద్ధతే కదా!

ధైర్యంగా ఉండు. ఏదైనా తెలిస్తే వెంటనే రాస్తాను.

నీ చెల్లెలు

*

కుట్టు గది,
సోమవారం

చెల్లీ,

కరపత్రం చూశాను.

మొహం లేదు కదా అని ధైర్యపడ్డావు. నేనెప్పుడు మొహాలు చూశానే? ఇరవై ఏళ్లుగా నా ముందుకొచ్చేవి తిరగేసిన బట్టలే.

చంక కింద పలక ఆకారంలో అతుకు ఉంది. పిల్లలు చెయ్యెత్తినప్పుడు యూనిఫారం చిరగకుండా నేను వేసే అతుకు అది. దాన్ని ఇంకెవరైనా వేస్తారులే అనుకున్నాను. కానీ అంచు మీద చేతికుట్టు ఏటవాలు తిరగబడి ఉంది. ఎడమచేతి కుట్టు. ఎడమచేత్తో నా అతుకు వేసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. దాని చెయ్యి పట్టుకుని నేర్పింది నేను.

నీ పేజీన్నర ఉత్తరం మళ్లీ చదివాను. విరిగిన బొమ్మ మెడ గురించి అన్ని వాక్యాలు రాశావు. పిల్ల గురించి రెండు ముక్కల్లో తేల్చేశావు. అక్కడే అనుమానం రావలసింది.

నేను ఏడుస్తున్నానని తెలిసి కూడా అబద్ధం రాశావు. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను. నా దగ్గర దాచడం ఎప్పుడు నేర్చుకున్నావు? ఇవాళ రెండు కాలర్లు పాడుచేశాను.

మీ బావకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. పిల్లను ఈ వారంలో బస్సెక్కించు. లేదా నేనే ఆయనకు చెప్పవలసి వస్తుంది.

దగ్గు తగ్గిందా? వెళ్లేటప్పుడు దగ్గుతోంది.

అక్క

*

కొట్టు పై గది,
శుక్రవారం

అక్కా,

తిట్టు. పడతాను.

బుడంకాయ ఈ పై గదిలోనే ఉంది. దగ్గు తగ్గింది. పగలు కొట్లో పెట్టెలు విప్పుతుంది, మిగతా వేళంతా కుడుతుంది. వచ్చినప్పుడు మెట్ల మీదే నిలబడి, "పిన్నీ, అమ్మకి చెప్తానంటే ఇప్పుడే చెప్పు. నీకూ తెలియని చోటికి పోతా" అంది. నేను ఒట్టేశాను. నీకు అబద్ధం రాస్తే తిడతావు, అంతే. దానికి ఇచ్చిన మాట తప్పితే అది ఎక్కడికి పోతుందో తెలియదు. అందుకే నీకు అబద్ధం రాశాను. కరపత్రం నేనే చేతులారా పంపిన సంగతి దానికి చెబితే తల పట్టుకుంది. "పిన్నీ, అమ్మకి కుట్టు ఫొటో పంపావా!" అని ముందు నవ్వింది. తర్వాత లేచి సంచి తీసింది. నువ్వు బావకి చెప్పలేదని రాసిన వాక్యం చూపిస్తే మళ్లీ కింద పెట్టింది.

నువ్వు అడగకుండానే చెప్పవలసింది ఒకటుంది. బీరువా తెరిచారని రాశావు. ఎలా తెరిచారో రాయలేదు. బుడంకాయ చెప్పింది. తాళంచెవి నీ దగ్గరుందట. ఆయన అడగ్గానే నువ్వు తీసి చేతిలో పెట్టావట. "నాన్న కాల్చాడని కాదు పిన్నీ, నాన్న అంతే. అమ్మ తాళంచెవి ఇచ్చింది" అంటుంది. ఆ మాట దగ్గరికి రాగానే సూది పక్కన పెట్టేస్తుంది. నాకూ నీ మీద కోపం వచ్చింది అక్కా. ఏడాదిపాటు అది కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది నువ్వు కాదూ?

దాన్ని బస్సెక్కించలేను. మేళాలో దానికి పెద్ద పోటీ ఉంది. నాటకాలకు బట్టలు కుట్టే సంస్థ నుంచి ఒకావిడ తీర్పరిగా వస్తోంది. పని నచ్చితే తన దగ్గర చేర్చుకుంటానని ముందే చెప్పింది. బుడంకాయ తిండి మానేసి రెక్కలు కుడుతోంది. అది తన కాళ్ల మీద తను నిలబడే దారి దానికి అదొక్కటే కనిపిస్తోంది.

నన్ను తిడుతూ అయినా రాయి. రాయడం మానకు.

చెల్లెలు

*

కుట్టు గది,
మంగళవారం

చెల్లీ,

అవును, ఇచ్చాను.

మీ బావ ఆ రోజు పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తెచ్చారు. తాళం పగలగొడతానని చెయ్యెత్తారు. పిల్ల బీరువాకు వీపు ఆనించి, రెండు అరచేతులూ వెనక్కి పెట్టి తాళాన్ని మూసేసుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది, అందుకే సుత్తి చూడలేదు. నేను చూశాను. ఆయన కళ్లకు ఆ క్షణంలో చేతులు కనిపించడం లేదు, తాళం ఒక్కటే కనిపిస్తోంది. ఆపడానికి నాకు గొంతు రాలేదు. తాళంచెవి చేతికొచ్చింది, ఇచ్చేశాను. బట్టలు మళ్లీ కుట్టుకోవచ్చు. ఎడమచెయ్యి పోతే దానికి ఏం మిగిలేది?

ఇది దానికి చెప్పకు. ఖచ్చితంగా చెబుతున్నాను. సుత్తి సంగతి తెలిస్తే ఇక జన్మలో తండ్రి మొహం చూడదు. నా మీద కోపమైతే ఎప్పటికో కరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ వాళ్లు మేళా పోస్టర్లు బస్సుల వెనక అంటించారు కదా. ఒక బస్సు బ్రేకులు పోయి మరమ్మతుకు మీ బావ దగ్గరికే వచ్చింది. పోస్టరు చింపి ఇంటికి తెచ్చారు. పిల్ల నీ దగ్గరుందని ఆయనకు తెలియదు. "ఎక్కడ దాక్కున్నా ఆ రోజు అక్కడికి రాక మానదు" అన్నారు. సెలవు పెట్టారు. "ఒక్కొక్కళ్ల ముసుగూ లాగి చూస్తాను. వేదిక మీదుంటే వేదిక మీంచే ఈడ్చుకొస్తాను" అంటున్నారు.

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. ఆ తీర్పరి ముందు, అంతమంది ముందు దాని ముసుగు లాగితే ఏమవుతుందో నాకు తెలుసు. పని పోతుంది, పిల్ల పోతుంది. నీకు కూడా చెప్పకుండా పోతుంది.

ఏదో ఒకటి చెయ్యవే. నాకు దిక్కు తోచడం లేదు.

అక్క

*

కొట్టు పై గది,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. నీ మీద కోప్పడ్డ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పవద్దన్నావు కాబట్టి దానికి చెప్పలేదు. నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను.

దాన్ని మానుకోమని అడిగాను. "నాన్న వస్తాడని ఇప్పుడు మానుకుంటే ఇక ప్రతిసారీ మానుకోవాలి పిన్నీ" అంది.

మా మేళాలో ఒక్కటే నియమం. వేషం వేసుకున్న మనిషిని అడగకుండా ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాణ్ణి బయటికి పంపేస్తాం. గేటు దగ్గర నేనే నిలబడతాను, బావను గుర్తుపట్టేది నేనొక్కదాన్నే కదా. కానీ ఆ హాలుకి సామాన్లు దించే తలుపు ఇంకొకటి ఉంది. స్పీకర్ల వాళ్లు పొద్దస్తమానం తిరుగుతుంటారు, దాన్ని మూయనివ్వరు.

ఇంకో చిక్కు. దాని రెక్కలు మనిషికి రెండింతలు. వెనక ఒకరు ఎత్తి పట్టుకుంటే తప్ప నడవలేదు. తల నుంచి కాళ్ల దాకా నల్లబట్ట, మొహం మీద కూడా పల్చటి నల్లగుడ్డ వేసుకుని ఆ మనిషి వెనకే నడవాలి. చూసేవాళ్లకు లేనట్టే లెక్క. మా వాళ్లు ఆ మనిషిని నీడ అంటారు. ఈసారి దానికి నీడగా ఉండాల్సింది నేనే. ఇప్పుడు నేను గేటు దగ్గరుంటే నీడ లేదు. తెలియనివాళ్లను పెట్టలేను, బావ వస్తే పారిపోతారు.

నువ్వు రా.

ఎత్తు మనిద్దరిదీ ఒకటే. వేదిక వెనక మాట్లాడకూడదు, అంతా సైగలే. నేననే అనుకుంటుంది. పేరు పిలుస్తారు, అక్కడ దాని పేరు మిణుగురు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు రెక్కలు పట్టుకుని నడవాలి, అంతే. యూనిఫారాల డెలివరీ ఉందని చెప్పి ముందురోజే బస్సెక్కు.

నాకు తెలుసు, ఆయన ఎదుట నీకు గొంతు రాదు. ఆయన రాకపోతే నువ్వు పిల్లను దగ్గర నుంచి చూసి వెళ్లిపోవచ్చు. వస్తే మాత్రం ఆ వైపు ఉండేది నువ్వొక్కదానివే.

జవాబు రాయకు, టైము లేదు. నల్లబట్టలు కొట్లో పెట్టి ఉంచుతాను.

చెల్లెలు

*

కుట్టు గది,
బుధవారం

చెల్లీ,

నువ్వు గేటు దగ్గరే ఉండిపోయావు. లోపల జరిగింది పిల్ల తన వైపు నుంచి నీకు చెప్పే ఉంటుంది. నా వైపు నుంచీ విను.

నువ్విచ్చిన నల్లబట్టలో నాకు ఊపిరాడలేదు. తెర వెనక అంతా జిగురు వాసన. కొమ్ముల కిరీటం పెట్టుకున్న రాక్షసుడొకడు గొట్టంతో నీళ్లు తాగుతూ, "మీ పక్కన కొంచెం చోటుందా" అని సైగ చేసి మరీ జరిగాడు. ఆ పిల్లలు ఒకరి తోక ఒకరు తొక్కకుండా ఎంత ఒద్దికగా ఉన్నారే. నేను యూనిఫారాలు కుట్టే బడి పిల్లలకు కూడా అంత క్రమశిక్షణ లేదు.

తర్వాత అది వచ్చింది. మొహం కనిపించలేదు, ముసుగు వేసుకునే వచ్చింది. నడక చూసి పోల్చుకున్నాను. చిక్కిపోయింది. మెడ వెనక ఎముక తేలింది. చెయ్యి వేయబోయి ఆపుకున్నాను. ఎడమ రెక్క ఎక్కడ పట్టుకోవాలో వేలితో చూపించింది. నేను పట్టు దొరక్క తడుముకుంటుంటే దగ్గరికొచ్చి గుసగుసగా, "భయపడకు పిన్నీ, నేనున్నాగా" అంది. నా ముసుగు గుడ్డ కన్నీళ్లకు తడిసి మొహానికి అంటుకుపోయింది.

ఆయన సామాన్ల తలుపు నుంచే వచ్చారు. పనిబట్టల్లో వచ్చారు, స్పీకర్ల మనిషి అనుకుని ఎవరూ ఆపలేదు. రాగానే రాక్షసుడి కిరీటం పట్టుకున్నారు. వాడు "అంకుల్, అడగాలండీ" అన్నాడు పాపం. ఇంకో అమ్మాయి జుట్టు లాగారు. ఆ అమ్మాయి కెవ్వుమంది. తర్వాత మా వైపు చూశారు. పిల్ల అడుగు వెనక్కి వేసింది, రెక్క నా గుండెకు తగిలింది. ఆ ఒక్క అడుగుతోనే ఆయన పోల్చుకున్నారు.

నేను రెక్క వదిలి మధ్యలోకి వచ్చాను. నన్నెవరో అనుకుని, "పక్కకు జరగమ్మా, అది నా కూతురు" అన్నారు.

"ముట్టుకోకండి" అన్నాను.

గొంతు వచ్చింది చెల్లీ. పెద్దగా రాలేదు, కానీ వచ్చింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నువ్వా? నువ్వేంటి ఇక్కడ? తప్పుకో" అన్నారు.

"తప్పుకోను."

"ఆ రోజు నోరెత్తకుండా తాళంచెవి ఇచ్చావు. ఇవాళ దీని తరఫున వచ్చావా?"

"ఆ రోజు మీ చేతిలో సుత్తి ఉంది. దాని అరచేతులు తాళం మీదున్నాయి. దాని చేతులు మిగలాలని ఇచ్చాను" అన్నాను. దానికి చెప్పవద్దని నీకు ఆజ్ఞాపించిన మాట నేనే అనేశాను. అనుకుని అనలేదు, వచ్చేసింది.

"నేను దాన్ని కొడతానా?" అన్నారు. గొంతు మారిపోయింది.

"ఆ క్షణంలో మీకూ తెలియదు. నాకూ తెలియదు. ఇవాళ దాన్ని ఈడ్చుకెళ్లాలంటే ముందు నన్ను ఈడ్చుకెళ్లాలి."

అప్పుడే మైకులో మిణుగురు అని పిలిచారు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచారు. వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది. సుత్తి మాట విన్నాక అది ఎవర్ని ఏమంటుందో అని.

"అమ్మా, ఎడమ రెక్క కాస్త పైకి పట్టుకో" అంది.

అంతే అంది. పట్టుకున్నాను. వేదిక మీద నాకు దీపాలు కనిపించలేదు, జనం కనిపించలేదు, దాని వీపు ఒక్కటే కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాం. చప్పట్లు ఎవరికో కొడుతున్నట్టు వినిపించాయి. తిరిగి వచ్చేసరికి మీ బావ అక్కడ లేరు. సామాన్ల తలుపు బయట మెట్టు మీద కూర్చుని ఉన్నారట, రాక్షసుడు వచ్చి చెప్పాడు. ఆయనకు నీళ్లు కూడా వాడే ఇచ్చాడట.

నాటకాలావిడ దాన్ని పనిలోకి రమ్మందని నువ్వు బస్టాండులో చెప్పినప్పుడు కూడా నాకు సరిగ్గా తలకెక్కలేదు. ఇవాళ మిషను ముందు కూర్చున్నాక ఎక్కింది. ఒక్కదాన్నే పైకి నవ్వేసరికి గుండీలు కుట్టే అమ్మాయి భయపడింది.

ఇంటికి రమ్మని నేను దాన్ని అడగలేదు. అదీ వస్తానని అనలేదు. బస్సు కదిలేదాకా నా చెయ్యి వదల్లేదు, నాకు చాలు.

ఆయనా నేనూ ఒకే బస్సులో వచ్చాం, వేరే వేరే సీట్లలో. ఇంటికొచ్చాక నా ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. నిన్నటిదాకా అన్నం ముందు కూర్చుని లేచిపోతూ వచ్చారు. ఇవాళ పొద్దున, "దాన్ని ఒకసారి చూసి వస్తాను" అన్నారు. ఏం మాట్లాడతారని అడిగితే తెలియదన్నారు. క్షమించమంటారో, మళ్లీ కేకలే వేస్తారో నేను పూచీ పడలేను. ఆయన్ని నమ్మాలని నాకు ఉంది. నమ్మకం ఇంకా రాలేదు. అదీ దాచకుండా రాస్తున్నాను.

ఫోను చెయ్యవచ్చు ఇప్పుడు. కానీ ఫోనులో అడిగితే పిల్ల మొహమాటానికి ఊ అంటుంది. నువ్వు ఈ ఉత్తరం దానికే ఇచ్చి, తీరిగ్గా చదవనిచ్చి, ఏమంటుందో అది తన చేత్తోనే రాయమను. ఆయన్ని రానీ అంటే, జవాబు అందిన తర్వాతి ఆదివారం పంపిస్తాను. వద్దంటే వద్దనే రాయమను. ఆయన రారు. గుమ్మంలో నేనున్నాను.

అక్క